కడుపునిండా తిన్నా మళ్ళీ ఆకలేనా?

భోజనమైన రెండు గంటలకే నీరసం, చేతుల్లో వణుకు, నోరు ఏదో ఒకటి అడగడం... తప్పు మీ కడుపుది కాదు, కంచానిది!

మధ్యాహ్నం రెండు దాటింది. పిల్లల క్యారియర్లు పొద్దుననే సర్ది పంపారు. అత్తమ్మకు మెత్తగా కలిపి పెట్టారు. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, ఆఫీసుకో తోటకో వెళ్ళిపోయారు. ఇక మీ వంతు. గిన్నె మూత తీసి చూస్తే పప్పు అడుగంటింది. కూర రెండు ముక్కలు మిగిలాయి. అన్నం మాత్రం బోలెడుంది. "పారేస్తామా ఏమిటి?" అనుకుని ఆ అన్నంలోనే చారు పోసుకుని, చివర్న నీళ్ళ మజ్జిగతో కానిచ్చారు. కడుపు నిండింది. కళ్ళు మూతలు పడుతుంటే కాసేపు నడుం వాల్చారు.

నాలుగున్నరకు లేచారు. లేవగానే ఆకలి! అలాంటిలాంటి ఆకలి కాదు, కాళ్ళూ చేతులూ లాగేసే ఆకలి. కాస్త చిరాకు, కాస్త తలనొప్పి. రెండు చెమ్చాల చక్కెర వేసి టీ పెట్టుకున్నారు. దానితో నాలుగు బిస్కట్లు, లేకపోతే గుప్పెడు బొరుగులు. ప్రాణం లేచి వచ్చింది. కానీ ఆరున్నరకల్లా మళ్ళీ మొదలు!

"ఇప్పుడే కదమ్మా తిన్నావు, అప్పుడే ఆకలేమిటి?" అని అత్తమ్మ అంటే మీకూ సిగ్గేస్తుంది. తిండియావ ఎక్కువైందేమో అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. వద్దండీ, అంత మాట అనుకోకండి. ఆ ఆకలి నిజమైనదే. దాని వెనుక ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తే దాన్ని సగం వరకు మన వంటింట్లోనే సరిచేసుకోవచ్చు. మిగతా సగం ఎప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలో కూడా తెలుస్తుంది.

ఒక్క చెమ్చా చక్కెర కథ

ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. భోజనానికి ముందు ఆ మొత్తం రక్తంలో కరిగి ఉండే చక్కెర ఎంతో తెలుసా? సుమారు 5 గ్రాములు. అంటే ఒక్క చిన్న చెమ్చా! ఆ ఒక్క చెమ్చా మోతాదు అటూ ఇటూ పెద్దగా మారకుండా చూసుకోవడానికి మన శరీరం రాత్రింబగళ్ళు కాపలా కాస్తుంటుంది.

ఇప్పుడు మన కంచం చూద్దాం. ఉడికిన అన్నం 300 గ్రాములు పెట్టుకున్నారనుకుందాం. పనిచేసే మనిషికి అదేమంత ఎక్కువ కాదు. అందులో 80 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. అరిగాక అది దాదాపు అంతా గ్లూకోజే. పదహారు చెమ్చాల చక్కెరతో సమానం! అది రక్తంలోకి చేరక తప్పదు. కాకపోతే ఎంత వేగంగా చేరుతుందన్నదే ప్రశ్న.

ఈ సంగతి మన అనంతపురం వాళ్ళకు ఒకరు చెప్పాలా? వాన సంగతే గుర్తు చేసుకోండి. మెట్ట చేను మీద ఒక్కసారిగా గంటసేపు కుండపోత కురిసిందనుకోండి. నీళ్ళు నిలుస్తాయా? పైమట్టిని కూడా ఊడ్చుకుని వంకలోకి పోతాయి. నాలుగు రోజుల తర్వాత చూస్తే చేను మళ్ళీ బీటలే. అదే వాన తెరలు తెరలుగా రోజంతా పడితే, దానికి తోడు చేనుకు గట్లు కూడా ఉంటే, నేల తాగినంత తాగుతుంది. పదును పదిరోజులు నిలుస్తుంది. పడింది అదే వాన, అయినా ఎంత తేడా!

ఉత్త అన్నం, చారు కుండపోత లాంటివి. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు ఉండదు, నమలాల్సిన పనీ ఉండదు. కడుపులోంచి పేగుల్లోకి, అక్కడి నుంచి రక్తంలోకి చక్కెర జోరుగా వచ్చిపడుతుంది. వెంటనే క్లోమగ్రంథి కంగారుపడి ఇన్సులిన్ను ఎక్కువగా వదులుతుంది. ఆ ఇన్సులిన్ చక్కెరను కండరాల్లోకి, కాలేయంలోకి తోసేస్తుంది. రెండు మూడు గంటలు గడిచేసరికి రక్తంలో చక్కెర దిగుతుంది. కొందరిలో భోజనానికి ముందున్న మట్టం కంటే కూడా కిందికి జారుతుంది. మెదడుకు చక్కెరే ముఖ్యమైన ఇంధనం కాబట్టి అది ఊరుకోదు. "తిండి, తిండి!" అని గంట కొడుతుంది. అదే మీ నాలుగున్నర ఆకలి. ఆ గంటకు మీరిచ్చే జవాబు చక్కెర టీ, బిస్కట్లు. అంటే ఇంకో కుండపోత! అందుకే ఆరున్నరకు మళ్ళీ గంట.

ఇదేదో ఊహించి చెబుతున్న మాట కాదు. లండన్‌లోని కింగ్స్ కాలేజీ శాస్త్రజ్ఞులు మరికొందరితో కలిసి బ్రిటన్‌లో, అమెరికాలో 1,070 మందిని రెండు వారాల పాటు పరిశీలించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఒంటికి అతికించే చిన్న పరికరంతో చక్కెర హెచ్చుతగ్గులను నిమిషాల లెక్కన చూశారు. టిఫిను తిన్న రెండు మూడు గంటలకు చక్కెర బాగా జారినవాళ్ళకు మిగతావాళ్ళకంటే 9 శాతం ఎక్కువ ఆకలి వేసింది. వాళ్ళు సగటున అరగంట ముందే మళ్ళీ తిన్నారు. రోజు మొత్తం మీద 312 కేలరీలు ఎక్కువ లాగించారు! ఒకే టిఫిను పెట్టినా మనిషికీ మనిషికీ తేడా కనిపించింది. కాబట్టి "నేనూ అదే తిన్నాను, నాకు ఆకలి కాలేదే" అని ఎవరైనా అంటే నొచ్చుకోకండి. వాళ్ళ ఒళ్ళు వాళ్ళది, మీ ఒళ్ళు మీది.

మన కంచం ఎప్పుడు మారింది?

అవ్వను అడిగి చూడండి. "అన్నమా? పండగకో, చుట్టాలొస్తేనో!" అంటుంది. మిగతా రోజుల్లో జొన్న రొట్టె, సజ్జ రొట్టె, కొర్రన్నం, రాగి సంగటి. వాన తక్కువైనా తట్టుకుని పండే గింజలు అవే కనుక ఇళ్ళలో ఉడికేవీ అవే. తరువాత చేలన్నీ వేరుశెనగకు మారాయి. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. కరువు జిల్లాలో ఎంతోమంది ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పుపట్టే పని లేదు. కానీ దానితో తెల్లన్నం మూడు పూటల తిండి అయింది. కొర్ర, సామ మెల్లగా వాకిలి దాటి వెళ్ళిపోయాయి. అన్నం పెరిగినంతగా పప్పూ కూరా పెరగలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది!

పొద్దుటి టిఫినే చూడండి. మన ఊళ్ళ ఉగ్గాని, బజ్జీ! పేరు చెబితేనే నోరూరుతుంది. కానీ బొరుగులంటే బియ్యాన్ని ఉబ్బించి గుల్ల చేసినవి. నోట్లో వేసుకుంటేనే కరిగిపోతాయి, ఇక అరగడానికి ఎంతసేపు? అందుకే తొమ్మిదికి కంచం నిండా తిన్నా పదకొండున్నరకు కడుపు కాలుతుంది. ఉగ్గాని మానేయమని అనను. మానమంటే మీరు మాత్రం వింటారా? బజ్జీలు తగ్గించండి. పుట్నాల పొడి రెండింతలు చేసి, వేయించిన శెనక్కాయ విత్తనాలు గుప్పెడు కలపండి. ఉల్లిపాయ, టమోటా ధారాళంగా వేయండి. పక్కన ఉడికించిన గుడ్డో, గుప్పెడు గుగ్గుళ్ళో పెట్టుకోండి. ఆ ఉగ్గానే మధ్యాహ్నం దాకా నిలుస్తుంది.

సంగటి తింటే చాలా?

"అయితే రేపట్నుంచి మూడు పూటలా రాగులే" అంటారేమో. కాస్త ఆగండి. చిరుధాన్యాలు మంచివే. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి అంతకుముందు జరిగిన పరిశోధనలన్నిటినీ క్రోడీకరించి 2021లో ఒక సమీక్ష ప్రచురించాయి. పాలిష్ బియ్యం, మైదా వంటి వాటితో పోలిస్తే చిరుధాన్యాలు చక్కెరను పెంచే వేగం సగటున 36 శాతం తక్కువని అందులో తేలింది. ఒక ఆహారం చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో కొలిచే 'గ్లైసీమిక్ ఇండెక్స్' అనే ఈ కొలబద్దను 1981లో కెనడాలోని టొరంటోలో డాక్టర్ డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రవేశపెట్టింది.

అయితే గింజ ఒక్కటే చూస్తే చాలదు. అది ఏ రూపంలో కడుపులోకి వెళుతోందన్నదీ ముఖ్యమే. మెత్తగా మరపట్టించి, జల్లెడ పట్టి, పలచగా కాచి, బెల్లం వేసి గటగటా తాగే రాగిజావ చక్కెరను గబగబా పెంచుతుంది. సంగటిలో సగం బియ్యం నూకలు పోసి, ముద్ద పెద్దది చేసి, కారం నీళ్ళతో మింగినా అంతే. పిండి కాస్త బరకగా ఆడించండి, పొట్టు పారేయకండి, నూకలు తగ్గించండి, ముద్ద చిన్నది చేసి పప్పో, చెనిగింజల చట్నీయో, చికెన్ పులుసో దండిగా వేసుకోండి. అప్పుడు అది సంగటి! రాగుల్లో ఇంకో మేలుంది. 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. నడివయసు దాటిన ఆడవాళ్ళ ఎముకలకు అదెంత అవసరమో వేరే చెప్పాలా?

ఇంకో అపోహ కూడా చెప్పి ముందుకు పోదాం. "నేను చక్కెర మానేశానండీ, బెల్లమే వాడుతున్నాను" అనేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. రక్తంలోకి చేరాక బెల్లానికీ, తేనెకూ, చక్కెరకూ పెద్ద తేడా ఉండదు. మన తోటల్లో కాసే చీనీ కాయల సంగతీ అంతే. నాలుగు కాయలు పిండి, వడగట్టి గ్లాసుడు రసం తాగితే కుండపోత. ఒక్క కాయను తొనలు వలుచుకుని పీచుతో సహా నమిలితే జల్లు.

చేనుకు గట్లు వేసినట్టు...

కుండపోతను జల్లుగా మార్చే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. వీటిలో ఖరీదైనది ఒక్కటీ లేదు.

మొదటిది, వడ్డించే వరుస. న్యూయార్కులోని వైల్ కార్నెల్ మెడికల్ కాలేజీ వైద్యులు 2015లో షుగరు జబ్బున్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు రకాలుగా పెట్టి చూశారు. కూరగాయలు, మాంసం ముందు తిని రొట్టె చివర తిన్న రోజు, గంట తర్వాత చక్కెర 37 శాతం తక్కువగా ఉంది. పరీక్ష చిన్నదే, కానీ చేసి చూడటానికి మనకు ఖర్చేముంది? ముందు ఒక కప్పు కూరో, పప్పో, కీరా దోస ముక్కలో తిని, తరువాతే అన్నం మొదలుపెట్టండి. అన్నం తగ్గినా లోటు తెలియదు.

రెండోది, పాళ్ళు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. మనం తినే మొత్తం కేలరీలలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదని అందులో చెప్పింది. మన కంచంలో ఎంతుందో ఒక్కసారి చూసుకోండి! కంచాన్ని మనసులోనే నాలుగు భాగాలు చేయండి. రెండు భాగాలు కూరా ఆకుకూరా, ఒక భాగం పప్పో గుడ్డో మాంసమో, మిగతా ఒక భాగం అన్నమో సంగటో. ఒక్కరోజులో కుదరదు. వారానికొక గరిటె అన్నం తగ్గిస్తూ, ఒక గరిటె కూర పెంచుతూ పోండి.

మూడోది, మన నేల పంట. 100 గ్రాముల వేరుశెనగ విత్తనాల్లో దాదాపు 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి. చక్కెరను పెంచే గుణం చాలా తక్కువ. పిడికెడు విత్తనాలు, అంటే సుమారు 30 గ్రాములు, ఉడకబెట్టో వేయించో సాయంత్రం టీతో తినండి. బిస్కట్ల మీదికి మనసు పోదు. పిడికెడు మాత్రమే సుమా! నూనెగింజ కదా, కేలరీలు దండిగా ఉంటాయి. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, చేదుగా ఉన్నవి మాత్రం ఏరి పారేయండి. వాటిలో కాలేయానికి చేటు చేసే అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు.

నాలుగోది, గుగ్గుళ్ళు. ఉలవలు, అలసందలు, శెనగలు, అనపగింజలు ఏవైనా సరే. వీటికి ఒక విచిత్రమైన గుణముంది. పొద్దున్న తింటే, మధ్యాహ్నం తిన్న అన్నం వల్ల పెరిగే చక్కెరను కూడా కొంత అదుపులో ఉంచుతాయి. ఒక పూట తిన్నది రెండో పూటకు కూడా కాపలా కాస్తుందన్నమాట!

అయిదోది, భోజనం కాగానే పడుకోకుండా పది పదిహేను నిమిషాలు నడవడం. నడిచే కండరం చక్కెరను తనంతట తాను లాక్కుంటుంది. మన ఎండలో బయటికి ఎక్కడికి పోతామంటారా? వరండాలోనే అటూ ఇటూ తిరగండి. గిన్నెలు సర్దడం, ఆరిన బట్టలు తీయడం కూడా లెక్కలోకే వస్తాయి.

ఆరోది, నిద్ర. రాత్రి నాలుగైదు గంటలే పడుకున్న మర్నాడు ఆకలి ఎక్కువవుతుంది, ఇన్సులిన్ పనితనం తగ్గుతుంది. నీళ్ళు వచ్చేవేళ కోసం అర్ధరాత్రి లేచి బిందెలు పట్టుకునే ఇళ్ళలో ఇది ఎంత కష్టమో తెలుసు. కనీసం ఆ పనిని ఇంట్లో వాళ్ళు వంతులేసుకోండి. ప్రతి రాత్రీ మీరే ఎందుకు లేవాలి?

కొర్ర పులగం - ఊరిబిండి

పులగం మన సీమ వంటే. బియ్యం బదులు కొర్రలతో చేసి చూడండి. నలుగురికి సరిపోతుంది.

పులగానికి: కొర్రలు ఒక గ్లాసు, పొట్టు పెసరపప్పు ముప్పావు గ్లాసు, తరిగిన పాలకూర లేదా తోటకూర రెండు కప్పులు, జీలకర్ర ఒక చెమ్చా, మిరియాలు అర చెమ్చా, కరివేపాకు, నెయ్యి లేదా నూనె రెండు చెమ్చాలు, పసుపు, ఉప్పు తగినంత.

కొర్రలు రెండు గంటలు నానబెట్టి వడగట్టండి. పెసరపప్పును కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. కుక్కరులో నెయ్యి వేడిచేసి జీలకర్ర, మిరియాలు, కరివేపాకు వేసి, చిటపటలాడాక ఆకుకూర వేసి రెండు నిమిషాలు మగ్గనివ్వండి. కొర్రలు, పప్పు, పసుపు, ఉప్పు వేసి అయిదు గ్లాసుల నీళ్ళు పోసి మూడు కూతలు రానిచ్చి దించండి. మరీ జావలా కాకుండా గరిటెకు ముద్దగా వచ్చేటట్టు ఉండాలి.

ఊరిబిండికి: వేరుశెనగ విత్తనాలు ఒక కప్పు, ఎండుమిరపకాయలు ఆరు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, చింతపండు చిన్న ఉసిరికాయంత, జీలకర్ర అర చెమ్చా, ఉప్పు.

విత్తనాలు సన్నటి సెగ మీద దోరగా వేయించండి. మిరపకాయలు విడిగా వేయించి, నానబెట్టిన చింతపండు, ఉప్పు, జీలకర్ర, వెల్లుల్లితో ముందు నూరండి. ఆ తరువాత విత్తనాలు వేసి, కాసిని నీళ్ళు చిలకరించి కచ్చాపచ్చాగా దంచండి. రోలుంటే రోట్లోనే చేయండి. మిక్సీలో అయితే తిప్పి ఆపేయండి, మెత్తగా నలగకూడదు. ముందు కీరా, ఉల్లి ముక్కలు నాలుగు తిని తరువాత పులగం మొదలుపెట్టండి.

ఆకలి హెచ్చరిక చేస్తున్నప్పుడు

ఇంతవరకు చెప్పింది మామూలు ఆకలి గురించి. కొన్నిసార్లు ఆకలి ఇంకో మాట చెబుతుంది. అది వినకపోతే ప్రమాదం.

ఎంత తిన్నా ఆకలి, దానితో పాటు విపరీతమైన దాహం, రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, పుండ్లు మానకపోవడం, మర్మావయవాల దగ్గర మాటిమాటికీ దురద... ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోండి. భారత వైద్య పరిశోధనా మండలి వాళ్ళ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు జబ్బు ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని 2023లో తేలింది. పరగడుపున 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 వరకు ఉంటే జాగ్రత్త పడాలి. 126, ఆ పైన రెండోసారి పరీక్షలో కూడా వస్తే జబ్బు ఉన్నట్టే. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షలో 5.7 లోపు మామూలు, 6.5 ఆ పైన జబ్బు. మీకు రక్తం తక్కువగా ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. రక్తహీనత వల్ల ఈ సగటు పరీక్ష లెక్క తప్పవచ్చు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఇలాంటి ఆకలే వేస్తుంది, గుండెదడ కూడా ఉంటుంది. దానికి వేరే పరీక్ష ఉంది.

కడుపుతో ఉన్నవాళ్ళు "ఇద్దరికీ కలిపి తింటున్నాను కదా, ఆకలి మామూలే" అని ఊరుకోవద్దు. మొదటిసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడూ, మళ్ళీ 24 నుంచి 28 వారాల మధ్యా గ్లూకోజు తాగించి చేసే పరీక్ష చేయించుకోండి. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 140 గానీ అంతకుమించి గానీ ఉంటే గర్భిణీ షుగరు కింద లెక్క. సకాలంలో కనిపెడితే తల్లీ బిడ్డా క్షేమం.

ఇక షుగరు మాత్రలు వేసుకునే అక్కచెల్లెళ్ళకు ఒక ముఖ్యమైన మాట. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ ఇంజక్షన్లు మీరు తిన్నా తినకపోయినా చక్కెరను దించుతాయి. పొద్దున్న మాత్ర వేసుకుని కలుపుకో, శెనక్కాయలు పీకడానికో పోయి, సద్ది ఆలస్యమైతే ఏమవుతుంది? చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం, కళ్ళు తిరగడం. చక్కెర 70 కంటే కిందికి పోయిందన్నమాట. దీన్ని మామూలు ఆకలి అనుకుని "ఇంకో సాలు అయ్యాక తింటాలే" అనకండి. వెంటనే మూడు చెమ్చాల చక్కెరో గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ తాగండి. తేరుకున్నాక అన్నమో రొట్టో తినండి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోను చేయండి. కొంగున నాలుగు చక్కెర పలుకుల పొట్లం కట్టుకోవడం మరవకండి!

శనివారం ఒక్కపొద్దులుండేవాళ్ళు, రంజాన్ నెలలో రోజాలుండేవాళ్ళు ముందుగానే డాక్టరుతో మాట్లాడి మాత్రల మోతాదు, వేళలు మార్చుకోండి. మాత్ర మామూలుగా మింగేసి తిండి మాత్రం మానేయడం మంచిది కాదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఈ భయం తక్కువే, అయినా అడిగి తెలుసుకోవడం మేలు.

ఇంకొక్క మాట. ఎండలో పొద్దంతా కూలిపని చేసి వచ్చిన మనిషికి వేసే ఆకలి రోగం కాదు, అది కష్టం చేసిన ఒంటి హక్కు. అలాంటివాళ్ళు తిండి తగ్గించకూడదు. అన్నానికి తోడు పప్పు, గింజలు పెంచుకోవాలి.

ముందు మీ గరిటె తీసి పెట్టుకోండి

ఈ వారం ఒక చిన్న పని చేయండి. పిల్లల పాత నోటుబుక్కులో ఏడు రోజులు రాయండి: ఏ పూట ఏం తిన్నారు, మళ్ళీ ఎన్ని గంటలకు ఆకలేసింది, అప్పుడు ఒళ్ళెలా ఉంది. మూడు రోజులు ఎప్పటిలా తినండి. తక్కిన నాలుగు రోజులు కూరా పప్పూ ముందు, అన్నం తరువాత. వారం చివర రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే మీకే తెలుస్తుంది. డాక్టరు దగ్గరికి పోవాల్సి వచ్చినా ఆ నోటుబుక్కు పట్టుకెళ్ళండి, మందు రాసేముందు ఆయనకూ పనికొస్తుంది.

కానీ పప్పు మిగిలితే కదా తినడం, అంటారా? నిజమే. మొదట్లో చెప్పిన ఆ అడుగంటిన గిన్నె దగ్గరికే మళ్ళీ వద్దాం. ఇంటిల్లిపాదికీ వడ్డించి చివర్న మిగిలింది తినడం మనకు అలవాటు. చివర్న మిగిలేది ఎప్పుడూ అన్నమే. అందుకే చాలా ఇళ్ళలో ఈ మాయదారి ఆకలి ఎక్కువగా ఇల్లాలినే పట్టుకుంటుంది. ఈ రోజు నుంచి పప్పు దించగానే, ఎవరికీ వడ్డించకముందే, మీ వంతు రెండు గరిటెలు చిన్న గిన్నెలోకి తీసి మూత పెట్టండి. కూర కూడా. "ఇదెవరికి?" అని ఇంట్లో ఎవరైనా అడిగితే "నాకే" అని చెప్పండి. మొహమాటపడకండి. వీలైతే ఒక పూటైనా అందరూ కలిసి కూర్చుని తినండి. అప్పుడు గిన్నెలో ఎంతుందో అందరికీ కనిపిస్తుంది, అడగకుండానే మీ కంచంలోకి కూడా ఒక గరిటె పడుతుంది.

మరి రేపు సాయంత్రం నాలుగున్నరకు మీ కడుపు ఏమంటుందో విని చూడండి!